చలికాలంలో ఐస్‌లాండ్: చిన్న గ్రూప్ టూరా, సొంత డ్రైవింగా, రేక్యావిక్‌లో మకామా?

చలికాలంలో ఐస్‌లాండ్ అనగానే అందరూ అడిగేది చలి గురించే. నిజానికి జనవరిలో రాజధాని రేక్యావిక్ ఉష్ణోగ్రత సున్నాకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అక్కడి అసలు ఇబ్బందులు గాలి, రోడ్డు మీద గడ్డకట్టిన మంచు, చీకటి. డిసెంబరు మూడో వారంలో సూర్యుడు ఉదయం పదకొండున్నరకు కాస్త ముందు కనిపించి మధ్యాహ్నం మూడున్నరకే వెళ్లిపోతాడు. అంటే పగలు మొత్తం నాలుగు గంటలు. ఈ మూడింటి టెన్షన్ మీరు పడతారా, ఇంకొకరికి డబ్బిచ్చి అప్పగిస్తారా అన్నదే అసలు ప్రశ్న.

ముందు సొంత డ్రైవింగ్. నలుగురు కలిసి కారు అద్దెకు తీసుకుంటే తలకు పడే ఖర్చు తగ్గుతుంది. వంటగది ఉన్న కాటేజీ తీసుకుంటే ఉప్మా, పప్పన్నం వండుకోవచ్చు. పెట్రోలు బంకుల్లో హాట్‌డాగ్ తప్ప పెద్దగా ఏమీ దొరకని దారుల్లో శాకాహారులకు ఇది చిన్న సౌకర్యం కాదు. అమెరికాలో మిషిగన్, మిన్నెసోటా లాంటి చోట్ల ఏళ్ల తరబడి మంచులో బండి నడిపిన మనవాళ్లు ఈ దారి ఎంచుకుంటే నేను కాదనను.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వెళ్లేవాళ్ల సంగతి వేరు. మనకు ఎడమవైపు అలవాటు, అక్కడ కుడివైపు నడపాలి. దానికి తోడు మంచు, చీకటి. కొత్తవన్నీ ఒకేసారి మీద పడతాయి. దీవి చుట్టూ తిరిగే ప్రధాన రహదారి రింగ్ రోడ్డు మీద కూడా ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు ఇంకా ఉన్నాయి. గాలికి కారు తలుపు వెనక్కి విరుచుకుపోవడం అక్కడ మామూలే, ఆ నష్టానికి చాలా ఇన్సూరెన్సులు వర్తించవు. ఇసుక, బూడిద ఎగిరొచ్చి పెయింటు చెక్కేస్తే దానికి విడిగా ఇంకో ఇన్సూరెన్సు కొనాలి. తుపాను వచ్చి రోడ్డు మూసేశారంటే ముందున్న ఊళ్లో బుక్ చేసిన గది డబ్బులు పోవచ్చు, ఆగిన ఊళ్లో ఇంకో గది వెతుక్కోవాలి. ఇవన్నీ కలిపి లెక్కేశాక కూడా చవకేనా అన్నది చూసుకోవాలి.

ఇక చిన్న గ్రూప్ టూరు. సాధారణంగా ఇరవై మంది లోపు, ఒక మినీ బస్సు, చాలాసార్లు డ్రైవరే గైడు. యాభై మంది పట్టే పెద్ద బస్సు కన్నా దీనికి ఎక్కువ ఎందుకివ్వాలంటే, పగలు పొట్టిది కాబట్టి. షూలకు స్పైక్స్ తగిలించుకుని యాభై మంది దిగి ఎక్కేసరికి ఒక్కో చోట పావుగంట అదనంగా పోయిందనుకోండి. నాలుగు చోట్లకు గంట. డిసెంబరులో అది పగటిలో పావు వంతు!

రెండోది, గైడు వరస మార్చగలడు. దక్షిణ తీరంలో సెల్యలాండ్స్‌ఫోస్, స్కోగాఫోస్ జలపాతాల మధ్య దారి ఎయియాఫ్యాట్లయోకుల్ కొండల కిందుగా పోతుంది. 2010లో బూడిద చిమ్మి యూరప్ విమానాలను ఆపేసిన అగ్నిపర్వతం అదే. ఆ కొండల మీంచి దిగే గాలి ఒక్కోసారి బండ్లను రోడ్డు మీంచి నెట్టేసేంత బలంగా ఉంటుంది. ఆ దారి తెలిసినవాడు పొద్దున్నే వాతావరణ సూచన చూసి ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చేస్తాడు, అవసరమైతే వెనక్కి తిప్పేస్తాడు. మన చేతిలో స్టీరింగ్ ఉంటే ఇంత దూరం వచ్చి వెనక్కి పోవడమేంటనిపిస్తుంది. రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరంలోనూ అంతే. ఉన్నట్టుండి వచ్చే పెద్ద అలలు అక్కడ ప్రాణాలు తీశాయి. ఫొటో కోసం ముందుకెళ్లేవాళ్లను వెనక్కి పిలిచే మనిషి పక్కనుండటం మంచిదే.

నీలి మంచు గుహలు చూడాలంటే సొంత కారులో వెళ్లినా గైడు తప్పనిసరి, ఆ ఖర్చు ఎలాగూ ఉంటుంది. వత్నయోకుల్ అనే పెద్ద హిమానీనదం అంచున ఉండే ఈ గుహలకు సీజను సుమారుగా నవంబరు నుంచి మార్చి వరకు. 2024 ఆగస్టులో అక్కడే మంచు కూలి ఒక పర్యాటకుడు చనిపోయాడు కాబట్టి వేసవిలో ఎవరైనా గుహ చూపిస్తామంటే ఆలోచించుకోండి.

గ్రూపులో ఇబ్బందులూ ఉన్నాయి. గడియారం వాళ్లది. ఒంటరిగా వెళ్తే గదికి అదనంగా కట్టాలి. చిన్న పిల్లలను చాలా టూర్లలో తీసుకోరు. భోజనం వాళ్లు ఆపిన చోటే కాబట్టి పులిహోర పేస్టు, ఖాక్రాలు సంచిలో ఉండాల్సిందే.

పిల్లలు, వయసు మళ్లినవాళ్లు ఉన్న కుటుంబానికి మాత్రం నేను రేక్యావిక్ మకామే చెబుతాను. ఒకే హోటలు, రోజువారీ ట్రిప్పులు. అమెరికా, యూరప్ భూఫలకాలు ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున దూరమయ్యే థింగ్‌వెట్లిర్, అయిదు పది నిమిషాలకోసారి వేడినీళ్లు చిమ్మే స్ట్రోక్కూర్, గుట్ల్‌ఫోస్ జలపాతం ఒక్క రోజులో అయిపోతాయి. వాతావరణం చెడితే పోయేది ఆ ఒక్క రోజే. రాత్రి ఆకాశంలో రంగురంగుల వెలుగు, అంటే అరోరా, కనిపించకపోతే ఇంకో రాత్రి ఉచితంగా తీసుకెళ్లే బస్సులూ ఉన్నాయి. అయితే మంచుగడ్డలు తేలే యోకుల్సార్లోన్ సరస్సు రేక్యావిక్ నుంచి దాదాపు 370 కిలోమీటర్లు. చలికాలంలో ఒకే రోజులో వెళ్లి రావడమంటే బస్సులో కూర్చోవడానికి డబ్బులివ్వడమే.

అగ్నిపర్వతాల భయంతో ఎంపిక మార్చుకోనక్కర్లేదు. 2023 నవంబరులో గ్రిండవిక్ ఊరు ఖాళీ చేయించాక ఆ ఊరున్న రేక్యనెస్ ద్వీపకల్పంలో లావా పలుమార్లు పొంగింది, పక్కనున్న వేడినీటి స్నానాల కొలను బ్లూ లగూన్ మూతపడి తెరుచుకుంటూ వచ్చింది. కానీ అక్కడ లావాను తాకి బూడిదగా చిమ్మించే హిమానీనదం పైన లేదు కాబట్టి 2010లోలా బూడిద మేఘాలు లేవలేదు, కెఫ్లావిక్ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి విమానాలు నడిచాయి.

పిల్లలు లేకుండా మొదటిసారి ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు నా ఓటు చిన్న గ్రూపుకే: దక్షిణ తీరం మూడు నాలుగు రోజులు, చివర్లో రేక్యావిక్ రెండు రోజులు. దీవి మొత్తం చుట్టే టూరు డిసెంబరులో వద్దు, చూసేదాని కన్నా చీకట్లో ప్రయాణమే ఎక్కువవుతుంది. బుక్ చేసేముందు గ్రూపులో గరిష్ఠంగా ఎంతమంది, రోడ్డు మూస్తే డబ్బు వెనక్కిస్తారా లేక ఇంకో చోటు చూపిస్తారా, స్పైక్స్ వాళ్లే ఇస్తారా అని మెయిల్‌లో రాయించుకోండి. సెలవు మార్చిలో దొరికితే ఇంకా మేలు. అప్పటికి పగలు దాదాపు పన్నెండు గంటలుంటుంది, అరోరాకు చాలినంత చీకటీ ఉంటుంది.