గోంగూరని అస్సాంలో ఏమంటారో రైల్లో తెలిసింది

బావగారి సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి సంక్రాంతి. ఇంట్లో ఉండబుద్ధి కావట్లేదంది అక్క. ఆలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం, అంటే శక్తిపీఠాల్లో మన దగ్గరున్న నాలుగూ చూసేసింది కాబట్టి ఈసారి అస్సాంలోని కామాఖ్యేనని పట్టుబట్టింది. విమానం ఎక్కమంటే ఎక్కదు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇదివరకటిలా 120 కాదు. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికే ఫోన్ పట్టుకుని కూర్చున్నా థర్డ్ ఏసీ అందలేదు. స్లీపర్ దొరికింది.

కేరళలో బయల్దేరి అస్సాం వెళ్ళే బండి అది. బెజవాడకి తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. ఎక్కి చూస్తే నా బెర్తు మీద ఒక కుర్రాడు ముసుగు తన్ని నిద్రపోతున్నాడు. తట్టగానే గభాల్న లేచి "సారీ చేచ్చీ" అన్నాడు, చేచ్చీ అంటే అక్క. మొహం చూస్తే ఈశాన్యం, పిలుపు మలయాళం. పాతికేళ్ళుంటాయేమో.

తెల్లారాక సంగతి తెలిసింది. నగావ్ జిల్లా వాడట. పెరుంబావూరులో ప్లైవుడ్ ఫ్యాక్టరీలో ఆరేళ్ళుగా పని. ఎర్నాకుళం పక్కన ఉన్న ఆ ఊరు ప్లైవుడ్‌కి పెట్టింది పేరు, పనివాళ్ళలో చాలామంది అస్సాం, బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళే. కేరళలో వీళ్ళని అతిథి కార్మికులంటారు. "అతిథి అంటే గెస్టే కదా చేచ్చీ, గెస్ట్‌తో పది గంటలు పని చేయిస్తారా?" అని నవ్వాడు. నా హిందీ అంతంత మాత్రం, అతనికి తెలుగు రాదు. నేను పెళ్ళైన కొత్తలో మద్రాసులో ఆరేళ్ళున్నాను కాబట్టి నా అరవం, అతని మలయాళం కలిశాయి. గుంటూరు జిల్లా ఆవిడ, అస్సాం కుర్రాడు అరవం, మలయాళం కలిపి మాట్లాడుకుంటుంటే సైడ్ బెర్తు పెద్దాయన పేపరు పక్కన పెట్టి మరీ విన్నాడు.

విశాఖలో ఒక జవాను ఎక్కాడు. శ్రీకాకుళం వాడు, సెలవు అయిపోయి సిలిగురి వైపు డ్యూటీకి వెళ్తున్నాడు. "అమ్మా, దుప్పట్లు తెచ్చుకున్నారా?" అన్నది మొదటి మాట. ఒక శాలువా ఉందంటే తల పట్టుకున్నాడు. స్లీపర్లో పక్క బట్టలివ్వరు, మాల్డా దాటాక జనవరిలో కిటికీ సందుల్లోంచి గాలి కోసేస్తుంది. భువనేశ్వర్లో బండి ఆగినప్పుడు తనే దిగి ప్లాట్‌ఫాం మీద రెండు పల్చటి రగ్గులు కొనుక్కొచ్చాడు, నాలుగువందలు. అవి లేకపోతే ఏమయ్యేవాళ్ళమో. ఈ దారిలో చలికాలం వెళ్ళేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, దుప్పటి.

మధ్యాహ్నం బరంపురం దాటాక చిలికా సరస్సు పట్టాల పక్కనే వచ్చింది. అప్పటికి పులిహోర విప్పాం. కుర్రాడికి ఆకులో పెట్టి, పక్కన కొంచెం గోంగూర పచ్చడి వేసింది అక్క. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కారం ఎక్కిందేమోనని నేను నీళ్ళ సీసా చాపితే వద్దన్నాడు. "టెంగామోరా" అన్నాడు. మళ్ళీ ఇంకోసారి నాకి చూసి, "ఇదు టెంగామోరా తన్నె" అన్నాడు, ఇది టెంగామోరానే అని. ఫోన్లో ఆకు బొమ్మ వెతికి చూపిస్తే నిజంగానే గోంగూర, ఎర్ర కాడతో సహా. వాళ్ళమ్మ చేపతో పులుసు పెడుతుందట. కేరళలో ఆరేళ్ళ నుంచీ ఆ రుచి తగల్లేదన్నాడు. అక్క సీసా మూత పెట్టబోతూ ఆగిపోయింది.

"వెళ్ళేది పండగకేనా?" అని అడిగితే బిహూకన్నాడు. మాఘ బిహూ, దాన్నే భొగాలీ అని కూడా అంటారు. సరిగ్గా మన సంక్రాంతప్పుడే వస్తుంది. ముందు రాత్రి అందరూ కలిసి భోజనాలు, తెల్లవారకముందే వెదుళ్ళు, గడ్డి పేర్చిన మేజీకి నిప్పు పెట్టడం. మన భోగి మంటే. ఈ సంగతి అక్కకి తెలుగులో చెప్తే, కాసేపాగి, "అయితే పండగ తప్పించుకుని ఎక్కడికీ పోలేదన్నమాట మనం" అంది.

ఖరగ్‌పూర్లో రాత్రి ఎక్కిన బెంగాలీ ఆవిడ సంగతి వేరే చెప్పాలి. అరవై దాటి ఉంటాయి, చేతికి తెల్ల శంఖు గాజులు, ఎర్ర గాజులు. కూచ్‌బిహార్ వెళ్తోంది. ఆవిడకి బెంగాలీ తప్ప రాదు, అక్కకి తెలుగు తప్ప రాదు. మర్నాడు పొద్దున నేను పై బెర్తు మీద కునుకు తీసి లేచేసరికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ధారాళంగా మాట్లాడుకుంటున్నారు, ఎవరి భాషలో వాళ్ళు. ఆవిడ అల్లుతున్న స్వెట్టరు అక్క ఒళ్ళో ఉంది. ఒకసారి ఆవిడ అక్క బోసి చేతులు పట్టుకుని చూసి, ఏదో మెల్లగా అడిగింది. అక్క బావగారి గురించి ఏడాదిగా నాతో కూడా అనని మాటలన్నీ తెలుగులో చెప్పింది. ఆస్పత్రి, ఆఖరి రోజు, తాగుతానని అడిగిన కాఫీ. ఆవిడ ఊఁ కొడుతూనే ఉంది. నేను లేచినట్టు తెలియనివ్వలేదు. తర్వాత అక్క నాతో, "పాపం ముగ్గురు కొడుకులట, చిన్నవాడు మాట వినడట" అంది. నీకెలా తెలుసంటే, "చెప్పింది కదే!" అని నన్నే విసుక్కుంది.

ఫరక్కా దగ్గర గంగ దాటేసరికి ఎనిమిదైంది. రెండు కిలోమీటర్లకు పైనే ఉండే బ్యారేజీ అది, 1975లో మొదలైంది, 109 గేట్లు. లెక్కపెడదామనుకున్నాను గానీ మంచులో పదో గేటు దాకా కూడా కనపడలేదు. చిల్లర మాత్రం అందరూ విసిరారు. పొగమంచు వల్ల బండి అప్పటికే మూడు గంటలు వెనకపడింది, గౌహతి చేరేసరికి ఆ ఆలస్యం ఏడు గంటలైంది. జనవరిలో ఇక్కడ మంచుని ఎవరూ తిట్టరు, లెక్కలో వేసుకునే బయల్దేరాలి.

సౌకర్యాల మాట. టీ అడుగడుక్కీ దొరుకుతుంది. బెంగాల్లోకి వచ్చాక ఝాల్‌ముడి, అంటే కారం కలిపిన మరమరాలు, అమ్మేవాళ్ళు వరస కడతారు. ఆవనూనె వాసన అలవాటు లేకపోతే మొదటి పిడికెడు కష్టం, మూడో పిడికెడుకి ఆపలేం. సీటు దగ్గరికి తెప్పించుకునే భోజనం ఒక పూట ప్రయత్నించాను, బండి ఆలస్యం కాబట్టి రొట్టెలు చల్లారి అట్టల్లా వచ్చాయి. టాయిలెట్లు మొదటి రోజు ఫరవాలేదు, రెండో రోజు మధ్యాహ్నం తర్వాత ముక్కు మూసుకోవడమే. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయమన్నాడు జవాను. చేస్తే తర్వాతి పెద్ద స్టేషన్లో మనిషి వచ్చి కడిగాడు. ముందే తెలిసి ఉంటే ఉదయమే చేసేదాన్ని.

గౌహతిలో దిగేసరికి రాత్రి ఒంటిగంట. "చేచ్చీ, ఇప్పుడు లాడ్జికి పోవద్దు, తెల్లారేదాకా వెయిటింగ్ రూంలో ఉండి, కొండ మీదికి వెళ్ళి పండాల ఇళ్ళలో గది అడగండి" అని కుర్రాడు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. తను కూడా పొద్దున బస్సు దాకా అక్కడే ఉంటానన్నాడు. నాకు మాత్రం ఫోన్లో చుక్కలు ఎక్కువున్న లాడ్జి కనిపించింది, పల్టన్ బజార్లో, స్టేషన్‌కి నడిచే దూరం. పద్దెనిమిది వందలు. గోడలకి చెమ్మ, దిండుకి తలనూనె వాసన, వేణ్ణీళ్ళు ఆరింటి తర్వాతేనట. ఆరింటికి అడిగితే గీజరు చెడిపోయిందన్నారు. మర్నాడు కుర్రాడు చెప్పినట్టే గుడి ఉన్న నీలాచలం కొండ మీద ఒక పండా గారింట్లో దిగాం. సగం ధర, బక్కెట్లో కాచిన నీళ్ళు, పొద్దున్నే గుడి గంట. మంచం మాత్రం గట్టి చెక్క.

దర్శనానికి ఐదు గంటలు పట్టింది, అదీ ప్రత్యేక టికెట్ మీద. లోపల విగ్రహం ఉండదు. చీకట్లో మెట్లు దిగితే రాతి మధ్య ఊరే నీళ్ళు, వేళ్ళతో తాకి కళ్ళకద్దుకోవడమే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ మెట్ల దగ్గర జాగ్రత్త, తడిగా ఉంటాయి.

తిరుగు ప్రయాణం థర్డ్ ఏసీలో. దుప్పటి, దిండు, శుభ్రత అన్నీ బాగున్నాయి. ఎదురు బెర్తుల్లో మన వాళ్ళే, భీమవరం వైపు దంపతులు. హమ్మయ్య, ఇక తెలుగులో మాట్లాడుకోవచ్చు అనుకున్నాను. పది నిమిషాల్లో ఇంటిపేరు, మా వారి జీతం, పిల్లాడికి ఇంకా పెళ్ళెందుకు కాలేదు, సొంతిల్లేనా అన్నీ అయిపోయాయి. చుట్టూ తిప్పి కులం దాకా వచ్చారు. వెళ్ళేటప్పుడు రాని భాషల్లో రెండు రోజులు గడిపాం, ఎవరూ ఇవి అడగలేదు. అడగడానికి మాటలు చాలక కావచ్చులెండి. నేను తలనొప్పని చెప్పి పై బెర్తు ఎక్కి పడుకున్నాను.

మధ్యలో ఫోన్ మోగింది. మేజీ మంట ఫోటో పంపాడు కుర్రాడు. దాని కింద ఇంకొకటి, అక్క ఇచ్చేసిన గోంగూర సీసా, సగం ఖాళీ.

అక్కకి చూపిద్దామని కిందికి దిగాను. ఆవిడ ఎదుటావిడతో చాలా బిజీగా ఉంది. బండి రాజమండ్రి వంతెన ఎక్కేసరికి వాళ్ళమ్మాయి జాతకం కాగితం అక్క హ్యాండ్‌బ్యాగులోకి వచ్చేసింది. బెజవాడలో దిగుతూ, మా పెదనాన్నగారి మనవడికి సరిపోతుందేమో చూడమని నాకే పని అప్పజెప్పింది.