1964 పారిసియెన్‌కి ఏ ఇంజిన్ మేలు: 283నా, 327నా, 409నా?

పోయిన వేసవిలో 1964 పాంటియాక్ పారిసియెన్ కారు కొన్నాను. అప్పటినుంచి ఇక్కడ టొరంటో చుట్టుపక్కల మనవాళ్లు ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "409 ఇంజిన్‌ది దొరకలేదా?" (283, 327, 409 అంటే క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సైజులు.) అమ్మకానికి ఒకటి కనిపించింది. అయినా 327 ఉన్న బండే తీసుకున్నాను.

కెనడాలో, ఒషావాలో తయారైన ఈ పెద్ద పాంటియాక్‌ల సంగతి తెలిసిందే. పైన పాంటియాక్ బాడీ, కింద షెవర్లే ఛాసిస్, షెవర్లే ఇంజిన్. అమెరికాలో కాటలీనా అనే పాంటియాక్ కారుకి ఇచ్చిన పాంటియాక్ 389 ఇంజిన్ వీటిలో రాలేదు.

నన్నడిగితే, అసలు చూడాల్సింది హార్స్‌పవర్ కాదు, గేర్‌బాక్స్. నేను చూసిన బండ్లలో ఎక్కువ వాటికి పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ ఉంది. దానికి రెండే గేర్లు. రెండో గేరు పడగానే ఆర్‌పీఎమ్ బాగా పడిపోతుంది. అక్కణ్ణుంచి ఇంత పెద్ద బండిని లాగాల్సింది టార్కే, అంటే ఇంజిన్ తిప్పే బలమే. 195 హార్స్‌పవర్ 283కి టార్క్ 285 పౌండ్-అడుగులు, 250 హార్స్‌పవర్ 327కి 350. ఆ తేడా నలుగురిని ఎక్కించుకుని 401 హైవేలోకి కలిసేటప్పుడు బాగా తెలుస్తుంది. 283 బండిలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మొదటి గేరుకి దిగి మోత పెరిగింది గానీ, వెనక లారీ వస్తుంటే నాకు టెన్షన్ తగ్గలేదు. 327 గేరు మారకుండానే లాక్కుపోయింది.

283కీ ఒక మంచి గుణం ఉంది. కంప్రెషన్ (సిలిండర్‌లో పెట్రోల్-గాలి మిశ్రమాన్ని ఎన్నింతలు నొక్కుతుందో ఆ నిష్పత్తి) 9.25 కాబట్టి రెగ్యులర్ పెట్రోల్‌తో సరిపెట్టుకుంటుంది. 327కి 10.5, అంటే ప్రీమియం పోయాల్సిందే. ఆదివారం పూట ఊళ్లో నిదానంగా తిప్పేవాళ్లకు 283 చాలు.

409 అంటే నాకూ మోజే. 340 నుంచి 425 హార్స్‌పవర్ దాకా ఉంది, ఆ శబ్దం ఒకసారి వింటే మరిచిపోలేం. కానీ బరువంతా ముందు చక్రాల మీదే, ఆపడానికి నాలుగూ డ్రమ్ బ్రేకులే. పైగా 409 తయారీ 1965తో ఆగిపోయింది, దాని సామాను వెతికి తెచ్చుకోవాలి. 283, 327లది షెవర్లే స్మాల్‌బ్లాక్ అనే ఇంజిన్ల కుటుంబం, దాని సామాను ఇప్పటికీ మామూలు షాపుల్లో దొరుకుతుంది. ఆరు సిలిండర్ల 230 ఇంజిన్ కూడా ఉంది గానీ, అది 140 హార్స్‌పవరే, ఈ బండికి చాలదు.

కొనేముందు ఒకటి తప్పకుండా చూడండి. 283, 327 పైకి ఒకేలా ఉంటాయి. కుడివైపు సిలిండర్ హెడ్ ముందు చదును మీద కొట్టిన కోడ్, బ్లాక్ వెనక పోతలో వచ్చిన నంబరు, రెండూ ఫోటో తీసుకుని ఇంజిన్ కోడ్‌ల జాబితాతో సరిపోల్చుకోండి. నాకు 327 అని చూపించిన మొదటి బండిలో ఉన్నది 283.