బొంతలో మన ముక్క: ఇంట్లో కుట్టాలా, అందరి మధ్యా?

నెల్లూరులో నలుగురు కలిసి పాత పాటూరు నేత చీరలతో బొంత కుడుతుంటే, కొత్తగా చేరేవాళ్లకు ఒకటే టెన్షన్: నా కుట్టు వంకరపోతే అందరి పనీ చెడుతుందేమో.

ఇంట్లో కుట్టి ఇస్తే ఎవరూ చూడరు, నచ్చకపోతే విప్పేయొచ్చు. 12 అంగుళాల ముక్కకు 12½ కత్తిరించాలి. చుట్టూ పావు అంగుళం అతుకులో పోతుంది. ఎర్రగుడ్డయితే రంగు దిగుతుందేమో ముందే తడిపి చూసుకోవాలి. చిక్కల్లా, విప్పడం కుట్టడంతోనే రోజులు గడిచి, ముక్క ఇంట్లోనే ఉండిపోతుంది.

అందరి మధ్య కూర్చుంటే మొదట చెయ్యి వణుకుతుంది, నిజమే. కానీ పక్కనున్న పెద్దమ్మ దారం మూరెడే తీసుకుని, సూదికి నాలుగైదు కుట్లు ఎక్కించి ఒక్కసారే లాగడం దగ్గర్నుంచి చూస్తే సగం పని వచ్చేసినట్టే. ఆమె కుట్టూ అక్కడక్కడా వంకరే అని కూడా కనిపిస్తుంది!

అడ్డు భయమే అయితే నా ఓటు అందరి మధ్య కుట్టడానికే. సుద్దతో గీత గీసుకుని మొదలుపెట్టండి.