గొర్రె తోలు రగ్గు కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

సంక్రాంతికి రాజమండ్రిలో పెట్టిన ఎగ్జిబిషన్‌లో 6,500 పోసి గొర్రె తోలు రగ్గు కొన్నానండి. శ్రావణమాసం వచ్చేసరికి ఇల్లంతా కంపు చేసి, కొబ్బరి మట్టలా బిగిసిపోయి మూలపడింది. స్టాల్ పేరు రాయను గానీ, ఆ సరుకు మళ్లీ మన వైపు వస్తుందని మాత్రం తెలుసు.

మా మావయ్యగారికి మోకాళ్ల నొప్పులు, పడక్కుర్చీలో మెత్తగా, వెచ్చగా ఉంటుందని ఆశపడ్డాను. అమ్మినాయన "ఆస్ట్రేలియా మెరినో అండి, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు" అన్నాడు, మెరినో అంటే మెత్తటి ఉన్నికి పేరున్న గొర్రె జాతి. ఉన్ని నిజంగానే బాగుంది, వేళ్లు పెడితే దిగబడిపోయాయి. వెనక మాత్రం దళసరి గుడ్డ వేసి చుట్టూ కుట్టేశారు. ఇదెందుకండీ అంటే తోలు పాడవకుండా అన్నాడు, నేను నమ్మేశాను.

ఎండాకాలమంతా ఏ గొడవా లేదు. ముసురు పట్టాక మొదలైంది. కోనసీమలో కాలవ పక్కన ఇల్లంటే మీకు తెలిసిందేగా, జులై వచ్చిందంటే గచ్చు చెమర్చి కాలు జారుతుంది, బీరువాలో పెట్టిన బెల్టుకి కూడా బూజు పడుతుంది. నీళ్లేమీ పడకుండానే రగ్గు చేతికి చెమ్మగా తగిలేది, ఆ తర్వాత తడిసిన మేక వాసన. ఉతుక్కోవచ్చన్నాడు కదా అని సర్ఫు నీళ్లలో జాడించి, కాస్త తెరిపిచ్చిన రోజు చూసి డాబా మీద ఎండలో వేశాను. సాయంత్రం మడవబోతే పటుక్కున చిట్లింది.

కోపం కొద్దీ గుడ్డ విప్పేశాను. లోపల ఒక్క తోలు కాదు, అయిదారు ముక్కలు అతికి కుట్టారు, నీళ్లు సరిగా చేరని మడతల్లో ఇంకా తెల్లటి పొడి. ఊళ్లో చెప్పులు కుట్టే పెద్దాయనకి చూపిస్తే ఒక్క నలుపు నలిపి "పటిక, ఉప్పు పట్టించి ఆరబెట్టారమ్మా" అన్నాడు. అలా చేసిన తోలు కొత్తలో తెల్లగా, మెత్తగా ఉంటుందట. కానీ అందులో మిగిలిన ఉప్పు గాలిలో చెమ్మని లాగుతుంది, నీళ్లలో పెడితే పటిక కారిపోయి పచ్చితోలు మిగులుతుంది, అది ఎండితే ఇక ఇంతే. ఉతుకు తట్టుకునేవి క్రోమ్‌తో, అంటే క్రోమియం లవణాలతో, పదును చేసిన తోళ్ల లాంటివి. వాటినైనా 30 డిగ్రీలు దాటని నీళ్లలో, ఉన్నికి వాడే లిక్విడ్‌తో ఉతికి నీడలోనే ఆరబెట్టాలి. మరకలు పోవడానికి చాలా సర్ఫుల్లో ఎంజైములు వేస్తారు, ఉన్ని కూడా ప్రోటీనే కాబట్టి అవి దాన్నీ తినేస్తాయి. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను.

కాబట్టి వెనక గుడ్డ ఉంటే ఒక మూల విప్పి చూపించమనండి, విప్పనంటే వదిలేసి వచ్చేయండి. తోలు మీద గోరుతో గీస్తే పొడి రాలకూడదు. ఉన్ని పాయ తీసి కుదుళ్ల దగ్గర చూడండి, తోలు బదులు అల్లిక కనిపిస్తే అది గొర్రె తోలు కాదు, చాలావరకు పాలిస్టరో ఆక్రిలికో అయి ఉంటుంది. నాలుగు పోగులు పీకి ఇంటి బయట అగ్గిపుల్లతో కాల్చినా తెలుస్తుంది, ఉన్నయితే జుట్టు కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది, ప్లాస్టిక్కయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. ఇది మన నెల్లూరు గొర్రేనండి, అందుకే చవక అంటే అసలు నమ్మొద్దు, ఆ గొర్రెకి ఉండేది పొట్టి వెంట్రుకలు, అంత ఒత్తయిన ఉన్ని దానికెక్కడిది!

మంచిది దొరికినా గచ్చు మీద పరవకండి, కుర్చీకో మంచానికో సరి. పాలో టీయో ఒలికితే రుద్దకుండా పొడిగుడ్డతో అద్దాలి. వానాకాలం రోజూ కాసేపు ఫ్యాను కింద వేయండి. దాచేటప్పుడు పాలిథిన్ కవరు వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది, పాత నూలు దుప్పటిలో చుట్టి కలరా ఉండలు వేయండి, లేదంటే ఉన్ని తినే పురుగు పడుతుంది.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే "మీరే తడిపేశారు కదమ్మా" అని పెట్టేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెబుదామంటే నా దగ్గరున్నది "రగ్గు 1" అని రాసిన చీటీ ముక్క, దాని మీద షాపు పేరు కూడా లేదు. బిల్లు అడిగి తీసుకోండి బాబూ. మావయ్యగారు మాత్రం ఒక్క మాటా అనకుండా పాత గొంగళి మడిచి కుర్చీలో వేసుకున్నారు. వచ్చే సంక్రాంతికి ఎవరైనా ఎగ్జిబిషన్‌కి వెళ్తే ఆ స్టాల్ దగ్గర ఆగి గుడ్డ విప్పమని అడగండి, ఏమన్నాడో నాకూ చెప్పండి.