ఐదు వందల రూపాయలకు శ్రీకృష్ణ జన్మస్థానం: సంగారెడ్డి జైలు మ్యూజియంలో 24 గంటలు

తెలుగునాట జైలుకు ఉన్నన్ని ముద్దుపేర్లు మరే ప్రభుత్వ భవనానికీ లేవు. శ్రీకృష్ణ జన్మస్థానం అంటాం, అత్తవారిల్లు అంటాం, ఊచలు లెక్కపెట్టడం అంటాం, చిప్పకూడు తినడం అంటాం. అయితే ఆ కూడు నిజంగా తిన్నవారు మాత్రం దాని ఊసు నలుగురిలో ఎత్తరు. ఏ నేరమూ చేయకుండా, పోలీసు స్టేషను గడప తొక్కకుండా, 500 రూపాయలు చెల్లించి ఒక పగలూ ఒక రాత్రీ ఖైదీగా ఉండి, ఆ సంగతిని తలెత్తుకుని చెప్పుకునే వీలు కల్పించినది సంగారెడ్డిలోని హెరిటేజ్ జైలు మ్యూజియం. 2018 డిసెంబరులో నేను అక్కడ 24 గంటలు గడిపాను.

ముందుగా నా సంగతి చెప్పడం అవసరం, ఎందుకంటే నేను వెళ్లిన కారణం సరదా కాదు. నేను వకీలు గుమాస్తాను. పాతికేళ్లకు పైగా బెయిలు దరఖాస్తులు టైపు చేశాను. వకాలత్‌నామా (వకీలుకు కేసు అప్పగించే పత్రం) మీద ముద్దాయి సంతకం కోసం జైలు గేటు దగ్గర ఎండలో నిలబడ్డాను. ములాఖత్‌కు వచ్చిన తల్లులకు, భార్యలకు ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పాను. జైలు నాకు కొత్త కాదు గాని, ఇన్నేళ్లూ నేను నిలబడ్డది ములాఖత్ గది ఇనుప జాలీకి ఇవతలి వైపునే. అవతలి వైపు నుంచి ఒకసారి చూడాలన్న కోరిక మాత్రం చాలాకాలంగా ఉండేది.

హైదరాబాదు నుంచి ముంబయి రహదారి మీద సుమారు 60 కిలోమీటర్లు వెళితే సంగారెడ్డి వస్తుంది. నిజాంల కాలంలో, 1796లో కట్టినదని చెప్పే ఈ కారాగారం 2012 వరకు నిజమైన ఖైదీలతోనే నడిచింది. కంది గ్రామంలో కొత్త జిల్లా జైలు సిద్ధం కావడంతో ఇది ఖాళీ అయింది. (అదే కందిలో ఐఐటీ హైదరాబాద్ కూడా ఉంది. లోపలికి వెళ్లడానికి ఏళ్ల తరబడి కష్టపడవలసిన సంస్థ ఒకటి, బయటికి రావడానికి అంతగా కష్టపడవలసిన సంస్థ ఒకటి ఒకే ఊరికి దక్కడం విశేషమే.) ఖాళీ అయిన పాత భవనాన్ని తెలంగాణ జైళ్ల శాఖ 2016లో మ్యూజియంగా తెరిచి, ‘ఫీల్ ద జైల్’ అన్న పేరుతో ఈ ఒక్కరోజు ఖైదు పథకాన్ని ప్రవేశపెట్టింది. నేను వెళ్లిన ఏడాదే మలేషియా నుంచి వచ్చిన ఇద్దరు ఇక్కడ రెండు రోజులు ఉండి వెళ్లారన్న వార్త పత్రికల్లో వచ్చింది. నాకు ధైర్యం ఇచ్చింది ఆ వార్తే.

డబ్బు కట్టి, ఫోను, పర్సు, వాచీ అప్పగించిన తరువాత ఖద్దరు దుస్తులు, స్టీలు పళ్లెం, గ్లాసు, మగ్గు, సబ్బు, పరుపు చేతికి వస్తాయి. గది మనమే ఊడ్చుకోవాలి. కఠిన శిక్ష ఏమీ లేదు. పనిగా చెప్పదగినది ఆవరణలో ఒక మొక్క నాటడమే. శిక్షాకాలం పూర్తి కాకముందే బయటపడాలనుకునేవారికి అప్పట్లో 1000 రూపాయల జరిమానా ఉండేది. లోపలికి రావడానికి 500, బయటికి పోవడానికి 1000 అన్న ఈ లెక్క కోర్టుల చుట్టూ తిరిగినవారెవరికీ వింతగా తోచదు.

భోజనం గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: అన్నం, పప్పు, కూర, ఉదయం టిఫిను, టీ, రుచి విషయంలో నాకు ఫిర్యాదు లేదు. చిప్పకూడు అన్న మాటకు భయపడి వెళ్లినవారికి కొంత నిరాశ కలగవచ్చు కూడా. ఆశ్చర్యపరిచేది వంట కాదు, వేళ. మధ్యాహ్న భోజనం పదకొండు గంటల ప్రాంతంలో, రాత్రి భోజనం సాయంత్రం ఐదింటికి, ఆరు గంటలకు గదికి తాళం. ఇది అతిథుల కోసం పెట్టిన నియమం కాదు, చీకటి పడకముందే లెక్క చూసుకుని తలుపులు మూసే జైళ్ల దినచర్యే. కాగితం మీద ఈ వేళలు నాకు ఎప్పటినుంచో తెలుసు. కాని ఇంకా వెలుతురు ఉండగానే రాత్రి భోజనం ముగించి, తాళం పడిన చప్పుడు విని, గదిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు, ఆరు తరువాత మళ్లీ ఆరు వచ్చేదాకా ఏం చేయాలన్న ప్రశ్న తలెత్తుతుంది. ఈ పథకంలో కొనుక్కునే అసలు వస్తువు ఆ ప్రశ్నే అని నా అభిప్రాయం.

గోల్కొండలో రామదాసు బందీఖానాను చిన్నప్పుడు మనలో చాలామంది చూసే ఉంటాం. గోడ మీది రాముడికి, హనుమంతుడికి దండం పెట్టుకుని, పన్నెండేళ్లట అని ఒకరితో ఒకరు అనుకుని, పది నిమిషాల్లో బయటికి వచ్చి మరమరాలు కొనుక్కున్నవాళ్లం. సంగారెడ్డిలో గోడలు అంత మందంగానే ఉన్నాయి గాని ఇక్కడ తలుపు మన వెనుక మూసుకుంటుంది. మొదటి గంటలో నా చెయ్యి ఫోను కోసం జేబు మీదికి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కపెట్టడం మొదలుపెట్టి, పదకొండు దగ్గర మానేశాను. కొంతసేపటికి ఆకలి వేసింది. అది తొమ్మిదా, పదకొండా అన్నది తెలుసుకునే మార్గం లేదు. గోడ అవతల ఎక్కడో పెళ్లి బరాత్ సాగుతున్నట్టుంది; బ్యాండు దగ్గరికి వచ్చి, కాసేపు ఆగి, దూరమైపోయింది. ఆ ఊరేగింపు ఏ వీధి మలుపు తిరిగిందో ఊహించుకుంటూ చాలాసేపు గడిపాను. తెల్లవారి తాళం తీసిన మనిషిని చూసి నాకు కలిగిన సంతోషం, ఆయన తెచ్చిన టీకి మించినది.

మెచ్చుకోవలసినవి మెచ్చుకున్న తరువాత, ఈ అనుభవానికి ఉన్న హద్దును కూడా చెప్పడం న్యాయం. గదిలో నేను ఒక్కడినే. నిజమైన బ్యారక్‌లో రద్దీ, పక్కవాడి దగ్గు, మరుగుదొడ్డి దగ్గర వంతు, ఎవరితో ఎలా మసలుకోవాలో అన్న భయం ఉంటాయి. లాత్వియాలోని లియెపాయ నగరంలో కరోస్తా అనే పాత సైనిక కారాగారం ఉంది. అక్కడ రాత్రి బసకు వచ్చినవారిని కాపలాదారుల వేషంలో ఉన్నవారు గద్దించి, హడలగొడతారట. సంగారెడ్డిలో అలాంటి నాటకం లేకపోవడం నాకు నచ్చింది. కేకలు వేస్తే అది వినోదం అవుతుంది; మౌనంగా తాళం వేస్తేనే జైలు అవుతుంది.

నాకు పట్టింపు కలిగినది మరొక చోట. ఇక్కడ మనకు తొడిగేది శిక్ష పడిన ఖైదీ దుస్తులు. మన దేశపు జైళ్లలో ఉన్నవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది శిక్ష పడినవారు కారు, కేసు ఇంకా తేలని విచారణ ఖైదీలు. 2022 సంవత్సరానికి జాతీయ నేర నమోదు విభాగం ఇచ్చిన లెక్క ప్రకారం 75.8 శాతం. 1894 నాటి ప్రిజన్స్ చట్టం ప్రకారమే వారికి సొంత బట్టలు వేసుకునే హక్కు ఉంది. శిక్ష పడినవాడికి విడుదల తేదీ తెలుస్తుంది, మ్యూజియం అతిథికి విడుదల గంట కూడా తెలుస్తుంది. ఇంట్లోంచి వచ్చిన చొక్కా వేసుకుని కూర్చున్నవాడికే ఏదీ తెలియదు. ఐదు వందలు కట్టినా, ఐదు వేలు కట్టినా ఆ తెలియకపోవడాన్ని ఏ శాఖా మనకు ఏర్పాటు చేయలేదు. చేయమని నేను కోరడమూ లేదు. దాన్ని గురించి గోడ మీద ఒక బోర్డు పెడితే మాత్రం, చూడవచ్చేవారికి సంకెళ్ల కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

తిరిగి వచ్చాక ఆఫీసులో నా చేతికి వచ్చిన మొదటి కాగితం, తప్పదన్నట్టు, బెయిలు దరఖాస్తే. నిందితుడు 26 రోజులుగా జుడీషియల్ రిమాండులో ఉన్నాడన్న వాక్యాన్ని ఇన్నేళ్లూ అంకె మార్చి దించేసేవాణ్ణి. ఆ రోజు అంకె దగ్గర ఆగి, సాయంత్రం ఆరు గంటలను 26 సార్లు ఊహించుకోవడానికి ప్రయత్నించాను. వకీలు గారు మాత్రం, ‘ఏమయ్యా, జామీను లేకుండానే వదిలేశారా?’ అని నవ్వి, కాగితం కోసం చెయ్యి చాచారు.

వెళ్లదలచినవారికి రెండు మాటలు. ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీ జైల్లో కూడా 500 రూపాయలకు ఒక రాత్రి ఉండనిస్తారని 2022లో వార్తలు వచ్చాయి. జాతకంలో బంధన యోగం ఉందని జ్యోతిష్కులు చెప్పినవారు ముందుగానే ఆ దోషం తీర్చుకునే ఏర్పాటు అది. సంగారెడ్డికి దోష పరిహారం కోసం వెళ్లినా అభ్యంతరం ఉండదనుకుంటాను. నేను చెప్పిన పథకం, రుసుములు, వేళలు 2018 నాటివి కాబట్టి అవి ఇప్పటికీ ఉన్నాయో లేదో సామాను సర్దుకునే ముందే జైళ్ల శాఖను అడిగి తెలుసుకోవడం మంచిది. రోజూ మందులు వేసుకునేవారు ఆ సంగతిని ప్రవేశ సమయంలోనే చెప్పాలి. రాత్రి తొమ్మిదింటికి భోంచేసే అలవాటు ఉన్నవారు సాయంత్రం ఐదింటి పళ్లెంలో ఏమీ మిగల్చకూడదు. స్నేహితులతో గుంపుగా వెళితే కబుర్లతో తెల్లవారిపోతుంది కనుక, నా సలహా అడిగితే ఒంటరిగా వెళ్లండి. పిల్లలతో వెళ్లేవారికి పగటిపూట మామూలు మ్యూజియం టిక్కెట్టు చాలు.