ఫ్లాష్ ఫోటోల్లో తేలే మచ్చలు: చిన్న కెమెరాతో ఏళ్ళ వాడకం చెప్పినది

జేబులో పట్టే ఈ డిజిటల్ కెమెరాను చాలా ఏళ్ళుగా వాడుతున్నాను. పగటి వెలుతురులో ఇది తీసే ఫోటోలు ఇప్పటికీ నాకు ఎంతో ఇష్టం. రంగులు సహజంగా వస్తాయి, బ్యాటరీ చాలాసేపు నిలుస్తుంది, మీట నొక్కగానే లెన్స్ బయటికి వచ్చి సిద్ధమవుతుంది. వీటి గురించి ఇంతకు మించి రాయవలసింది లేదు. రాయవలసినదల్లా చీకటిలో ఫ్లాష్ వేసి తీసినప్పుడు ఫోటోలో తేలే గుండ్రని లేత మచ్చల గురించే. ఇలాంటి కెమెరా కొన్న చాలామందిని కలవరపెట్టేవి ఇవే.

పాలిపోయిన తెలుపులో, వెనకనున్నది కాస్త కనిపించేలా, బిళ్ళల్లా ఉంటాయి. కొన్నిటికి అంచు కొంచెం ముదురుగా, లోపల సన్నని వలయాలు ఉంటాయి. కొన్నిటి అంచున నీలమో ఊదానో తగులుతుంది. నల్లని నేపథ్యం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, తెల్లని గోడ మీద దాదాపు మాయమవుతాయి. అన్నిటికంటే ముఖ్యమైన లక్షణం, ఒక ఫోటోలో ఉన్నచోట మరుక్షణం తీసిన ఫోటోలో ఉండవు.

అసలు కారణాన్ని పట్టిచ్చేది ఆ చివరి లక్షణమే. సెన్సార్ (లెన్స్ వెనక వెలుగును ఫోటోగా మార్చే చిన్న పలక) మీద దుమ్ము పడితే ప్రతి ఫోటోలో అదే చోట నల్లటి మసక కనిపిస్తుంది, ముఖ్యంగా ఆకాశం తీసినప్పుడు. సెన్సార్‌లో చెడిన బిందువు కూడా చోటు మారదు. ఎదురుగా దీపమో సూర్యుడో ఉన్నప్పుడు లెన్స్ లోపలి ప్రతిఫలనాల వల్ల వచ్చే మచ్చలు ఆ వెలుగునూ ఫోటో మధ్యబిందువునూ కలిపే గీత మీద వరుసగా ఉంటాయి. ఫ్లాష్ మచ్చలకు ఇలాంటి క్రమం ఏదీ ఉండదు. అందుకే లెన్స్ ఎంత తుడిచినా, కెమెరాను మరమ్మతుకు ఇచ్చినా ఇవి పోవు. మచ్చకు కారణం కెమెరా ముందున్న గాలిలో ఉంది.

ధూళి లేని గది లేదు. కిటికీ సందులోంచి ఎండ పడినప్పుడు ఆ నలుసులు మన కంటికే కనిపిస్తాయి. ఫ్లాష్ వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. ఫ్లాష్‌కు 5 సెంటీమీటర్ల దూరంలో ఒక ధూళికణం, 2.5 మీటర్ల దూరంలో ఒక మనిషి ఉన్నారనుకోండి. దూరం 50 రెట్లు, కాబట్టి మనిషి మీద కంటే ఆ కణం మీద 2,500 రెట్లు తీవ్రంగా వెలుగు పడుతుంది. జేబు కెమెరాలో ఫ్లాష్ లెన్స్‌ను ఆనుకుని ఉన్నట్టే ఉంటుంది కనుక ఆ వెలుగు తిన్నగా వెనక్కి లెన్స్‌లోకే వస్తుంది. కళ్ళు ఎర్రగా పడటానికీ కారణం ఈ దగ్గరితనమే. కణం అంత దగ్గరగా ఉండటం వల్ల ఫోకస్ కుదరదు, చుక్కగా పడవలసినది బిళ్ళగా విచ్చుకుంటుంది. ఆ బిళ్ళది అపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం) ఆకారం, అందుకే గుండ్రన.

పెద్ద కెమెరాల్లో ఇది ఎందుకు అరుదు? దీనికి జవాబు తెలిశాకే నా కెమెరా మీద నాకు సరైన అంచనా కుదిరింది. దీని సెన్సార్ 1/2.5 అంగుళాల తరగతిది. అది తరగతి పేరే కానీ అసలు కొలత కాదు, వెడల్పు 6 మిల్లీమీటర్లు కూడా లేదు. 35 మి.మీ. ఫిల్ము పరిమాణపు సెన్సార్‌కు 35 మి.మీ. ఫోకల్ దూరం (లెన్స్‌కూ అది బొమ్మ పడే చోటుకూ మధ్య దూరం) ఉన్న లెన్స్ చూపించే దృశ్యాన్ని ఇందులో 5.8 మి.మీ. లెన్స్ చూపిస్తుంది, అంటే ఫోకల్ దూరం ఆరో వంతు. అపర్చర్ f-సంఖ్య ఒకటే అయితే పెద్ద కెమెరాలో ఆ రంధ్రం కూడా ఆరు రెట్లు వెడల్పు, కనుక అదే కణం ఫోటోలో ఆరు రెట్ల అడ్డుకొలతతో, 36 రెట్ల వైశాల్యంలో పరుచుకుని, కంటికి ఆననంత పలచబడుతుంది. నా కెమెరాలో చిన్న బిళ్ళగా చిక్కబడుతుంది. దగ్గరి పువ్వునూ దూరపు కొండనూ ఒకే ఫోటోలో స్పష్టంగా చూపించే సౌలభ్యం ఎక్కడ నుంచి వచ్చిందో, ఈ మచ్చలూ అక్కడి నుంచే వచ్చాయి. జేబులో పట్టే పరిమాణం కావాలంటే ఇది దానితో పాటే వస్తుంది, లోపమున్న కెమెరా మీకు అంటగట్టారని అనుకోనక్కరలేదు.

వానజల్లులో, మంచు పడేటప్పుడు, పుప్పొడి ఎగిరే కాలంలో, అప్పుడే ఊడ్చిన గదిలో, జనం ఆడుతూ తిరుగుతున్న చోట ఇవి గుంపులుగా వస్తాయి. చలిలో ఫోటో తీస్తున్న మనిషి ఊపిరి కూడా చాలు.

ఈ గుండ్రని మచ్చల్లో చనిపోయిన తమవారిని చూసుకునేవారు నాకు తెలుసు. ఆ దుఃఖాన్ని నేను తేలిక చేయలేను, అడగకపోతే ఏమీ అనను. అడిగితే మాత్రం నిజం దాచను. చీకటి గదిలో ఒక దుప్పటి గట్టిగా దులిపి, వెంటనే ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూపిస్తాను. దులపక ముందు తీసినదాని పక్కన పెడితే వివరణ అక్కరలేదు.

ఇక ఏది పనిచేసింది, ఏది చేయలేదు. ఫ్లాష్ మీద పలచని కాగితం అతికించడం పనిచేయదు, వెలుగు అక్కడి నుంచే వస్తోంది కదా. ఫ్లాష్ ఆపేయడం అన్నిటికంటే నమ్మకమైన మార్గం. ఈ కెమెరాకు అందుకోసం వెనకవైపు వేరే మీట ఉంది, మెనూల్లో వెతకనక్కరలేదు, దీన్ని నేను నిజంగా మెచ్చుకుంటాను. అప్పుడు వెలుతురు చాలక ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) పెంచవలసి వస్తే 400 దాకా గరుకుదనం భరించవచ్చు, ఆ పైన ముఖాలు పాడవుతాయి. కదలని వస్తువులకైతే బల్ల మీద పెట్టి 2 సెకన్ల టైమర్ వాడితే చాలు. ఫ్లాష్ తప్పదనుకున్నప్పుడు రాత్రి పోర్ట్రెయిట్ పద్ధతిలో తీస్తాను. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండి గదిలోని వెలుతురు కూడా చేరడంతో వలయాలు వెలవెలబోతాయి. చెయ్యి మాత్రం కదలకూడదు.

జూమ్ సంగతి కొంచెం చిత్రమైనది. నిలబడ్డ చోటు మారకుండా జూమ్ చేస్తే మచ్చలు తగ్గుతాయి, మిగిలినవి పెద్దవై పలచబడతాయి. మనిషి పూర్తిగా పట్టాలని వెనక్కి నడిచి జూమ్ చేస్తే ఆ లాభమంతా పోతుంది, ఎందుకంటే అంత దూరానికి ఫ్లాష్ ఇంకా గట్టిగా మెరవాలి, ఆ మెరుపు ముందుగా ధూళి మీదే పడుతుంది.

నీటి అడుగున ఫోటోలు తీసేవారు ఇదే ఇబ్బందికి ఫ్లాష్‌ను పొడవాటి చేతుల మీద పక్కలకు జరుపుతారు. నా కెమెరాకు విడి ఫ్లాష్ తగిలించే వీలు లేదు. వెలుగు చూసి దానంతట అదే మెరిసే చిన్న ఫ్లాష్‌లు దొరుకుతాయి. కానీ కెమెరా అసలు మెరుపుకు ముందు కొలత కోసం ఒక చిన్న మెరుపు విడుస్తుంది. మామూలు రకం దానికే మెరిసి ఊరుకుంటుంది. మొదటి మెరుపును వదిలేసే రకమే కొనాలి. అది కొన్నా కెమెరా సొంత ఫ్లాష్ వెలగక తప్పదు, కాబట్టి మచ్చలు తగ్గుతాయే కానీ పూర్తిగా పోవు.

పడిన మచ్చను కంప్యూటర్‌లో తుడవడం చీకటి గోడ మీదైతే సులువు. ముఖం మీద పడితే చర్మం సహజత్వం పోతుంది, అలాంటివి నేను ఉన్నవి ఉన్నట్టే దాచుకుంటాను.

పగలు, ప్రయాణాల్లో, ఆరుబయట తీసేవారికి ఈ తరగతి కెమెరాను ధైర్యంగా చెబుతాను. రాత్రి వేడుకలే ఎక్కువగా తీసేవారు 1 అంగుళం తరగతి సెన్సార్, వెడల్పు కోణంలో f/1.8 లాంటి పెద్ద అపర్చర్, చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉన్నదాన్ని చూడండి. దానికి ఫ్లాష్ అవసరమే తక్కువగా పడుతుంది. పడినా ఒక్కో మచ్చ తీవ్రత ఇందులో కంటే ఎంతో తక్కువగా ఉంటుంది.