ఆరెంజ్ ఎస్ఎంబీ, పసుపు ఎస్ఎంబీ: కొన్నేళ్లు వాడాక

ఉండేది హనుమకొండలో. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అయినా నా డైవింగ్ బ్యాగులో రెండు ఎస్ఎంబీలు, అంటే డైవర్లు నీటి మీదికి వదిలే గుర్తు గొట్టాలు, ఎప్పుడూ ఉంటాయి, ఒకటి ఆరెంజ్, ఒకటి పసుపు. సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్, కాబట్టి ఎక్కువగా వాడింది అక్కడే. మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవిలోనూ అండమాన్‌లోనూ కూడా వాడాను. వరుసగా డైవ్‌లు చేసినవాళ్లు విమానం ఎక్కాలంటే కనీసం 18 గంటలు ఆగమంటారు. రైలుకు ఆ గొడవ లేదు, మనకు అదో లాభం.

ఎస్ఎంబీ అంటే సర్ఫేస్ మార్కర్ బోయ్. గాలి నింపితే నీటి మీద నిటారుగా నిలబడే పొడవాటి రంగు గొట్టం. డైవ్ మొదలైనప్పటి నుంచి వెంట లాక్కెళ్లేది ఒక రకం. డైవ్ చివర్లో నీళ్లలోపలే గాలి నింపి, తాడు కట్టి పైకి వదిలేది ఇంకో రకం. నా దగ్గరున్నవి రెండో రకానివి. మనం ఎక్కడ పైకి తేలబోతున్నామో మన పడవకు తెలుస్తుంది. అటుగా పోయే వేరే పడవలు ఫ్యాన్ రెక్కలతో మన నెత్తి మీదికి రాకుండా ఉంటాయి. బ్యాగులోంచి తీసినప్పుడు మా అమ్మ చూసి, "ఈత బెండా?" అని అడిగింది. అవునన్నాను. బావిలో నడుముకు బెండు కట్టించి నాకు ఈత నేర్పించిన మనిషికి అంతకు మించి వివరించక్కర్లేదు.

ఆరెంజ్‌ది ఒకటిన్నర మీటరు ఉంటుంది, అడుగు మూసి ఉన్న రకం. నోటితో ఊదడానికి చిన్న గొట్టం, గాలి ఎక్కువైతే వదిలేసే వాల్వ్ ఉన్నాయి. దీనికన్నా ముందు వాడింది అడుగు తెరిచి ఉండేది. గాలి నింపడం తేలికే గానీ, పైకి చేరాక అల కొట్టి పక్కకు ఒరిగితే గాలంతా పోయేది. మనం పైకి వచ్చే ముందు ఐదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌లో ఉంటాం, పైన గుడ్డ ముక్కలా పడి ఉన్నది పడవకు కనపడదు. కొత్తగా కొనేవాళ్లకు నా మాట ఒకటే, మూసి ఉన్నదే తీసుకోండి.

గాలి ఎంత నింపాలో ముందే లెక్క తెలిసి ఉండాలి. పది మీటర్ల లోతులో పీడనం పైనున్న దానికి రెండింతలు, అంటే అక్కడ సగం నింపితే పైకి వెళ్లేసరికి నిండుతుంది. ఇరవై మీటర్లలోనైతే మూడో వంతు చాలు. నా గొట్టంలో సుమారు పదిహేను లీటర్లు పడతాయి కాబట్టి, పది మీటర్ల దగ్గర రెండు మూడు పెద్ద ఊపిరులతో పని అయిపోతుంది. ఐదు మీటర్ల దగ్గర మొదలుపెడితే ఊదుతూనే ఉండాలి. పైగా ఆ లోతులో కాస్త పైకి తేలినా మళ్లీ కిందికి దిగడం కష్టం. అందుకే పది పన్నెండు మీటర్లలో ఉండగానే వదులుతాను.

వదిలే క్షణంలోనే టెన్షన్ ఉంటుంది. సగం నిండిన గొట్టం ఏడెనిమిది కిలోల బలంతో పైకి లాగుతుంది. తాడు వేలికి చుట్టుకున్నా, తాడు చుట్టి ఉండే చక్రం, అంటే స్పూల్, ఒంటి మీద ఏ రింగుకో తగిలించి ఉన్నా, గొట్టంతోపాటు మనిషీ పైకి పోతాడు. ఊపిరి బిగబట్టి అంత వేగంగా పైకి వెళ్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకే స్పూల్ ఎప్పుడూ చేతిలోనే ఉండాలి, చిక్కుపడితే వదిలేయగలగాలి. రీల్ కన్నా స్పూల్ నాకు ఎందుకు నచ్చిందంటే, దానిలో ఇరుక్కుపోయే పిడి, గేరు లాంటివేవీ లేవు. ముప్పై మీటర్ల తాడున్నది తీసుకోండి. ప్రవాహం ఉన్నచోట తాడు ఏటవాలుగా పోతుంది కాబట్టి లోతుకు సరిపడా తాడు ఉంటే చాలదు.

ఇక రంగుల సంగతి. రెండు రంగులు కొన్నది దీనికే. ఆరెంజ్ లేదా ఎరుపు పైకొస్తే "మామూలుగానే వస్తున్నాం" అని, పసుపు పైకొస్తే "ఇబ్బందిలో ఉన్నాం, సాయం కావాలి" అని ఒక పద్ధతి ఉంది. టెక్నికల్ డైవింగ్, అంటే మామూలు సరదా డైవింగ్ హద్దులు దాటి చేసేది, నేర్చుకున్నవాళ్లలో ఇది బాగా నడుస్తుంది. కొందరు పసుపుదానికి చిన్న పలక కూడా కట్టి ఏం కావాలో రాసి పంపుతారు. కానీ ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం కాదు. పసుపుదాన్నే రోజువారీ పనికి వాడేవాళ్లు బోలెడంత మంది. అండమాన్‌లో ఒక పడవ అతనికి రెండూ చూపించి, ఏది పైకొస్తే ఏం చేస్తావని అడిగితే, "ఏదొచ్చినా వచ్చి ఎక్కించుకుంటా సార్" అన్నాడు. అతని తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదంతే.

అప్పటి నుంచి నీళ్లలోకి దూకకముందే పడవ నడిపే మనిషికి రెండూ విప్పి చూపిస్తాను. "ఇది వస్తే దూరంగా ఉండి మా కోసం చూడన్నా. ఇది వస్తే మిగతావాళ్లను ఆపి ముందు మా దగ్గరికి రా." అతనితో ఒకసారి తిరిగి చెప్పిస్తాను. కాస్త అతిగా అనిపిస్తుంది, తోటి డైవర్లు నవ్వుతారు కూడా. కానీ వైజాగ్‌లో ఒక డైవ్‌లో నా జోడీకి పిక్క పట్టేసింది, ప్రవాహానికి లంగరు తాడు దగ్గరికి తిరిగి వెళ్లలేకపోయాం. ఆరెంజ్‌ది అప్పటికే పైన ఉంది. అదే తాడుకు పసుపుదాని హుక్కు తగిలించి ఊదితే, తాడు వెంబడే జారుతూ పైకి పోయింది. మేం తల బయటపెట్టేసరికి పడవ పక్కనే ఉంది. "పసుపుది చూశానండీ, మిగతావాళ్లనక్కడే వదిలేసి వచ్చేశాను" అన్నాడు పడవతను. చెప్పి ఉండకపోతే ఆ పసుపు అతనికి ఇంకో రంగు గొట్టమే అయ్యేది. ముందుగా మాట్లాడుకునే వీల్లేని పడవల్లో పసుపుదాన్ని అదనపు గుర్తుగానే లెక్కేసుకుంటాను.

ఏ రంగు ఎక్కువ దూరం కనపడుతుందన్నది వేరే ప్రశ్న. ధర్మసాగర్ చెరువు కట్ట మీద రెండింటినీ కర్రలకు కట్టి నిలబెట్టి, బామ్మర్దిని వెంటేసుకుని కట్ట వెంబడి నడిచాను. పట్టపగలు పెద్ద తేడా లేదు. మబ్బు కమ్మినప్పుడు పసుపు కొంచెం ముందుంది. పొద్దుగూకేకొద్దీ తేడా తెలిసింది. "బావా, ఆరెంజ్‌ది నల్లగ అయిపోయింది, పసుపుదైతే ఇంకా కనపడ్తనే ఉంది" అన్నాడు. మసక వెలుతురులో మన కంటికి ఎరుపు వైపు రంగులే ముందు నల్లబడతాయి, కాబట్టి అందులో వింతేమీ లేదు. సముద్రం మీద మాత్రం తెల్లటి నురగ, ఎండ మెరుపు మధ్య పసుపు కొంత కలిసిపోతుంది, అక్కడ ఆరెంజే నయం. సూర్యుడు ఎదురుగా ఉంటే ఏ రంగైనా నల్లగానే కనపడుతుంది. అప్పుడు పనికొచ్చేది ఎత్తే. అందుకే పైకి వచ్చాక తాడును కిందికి బిగించి పట్టుకుని గొట్టాన్ని నిటారుగా ఉంచాలి. పడుకున్న గొట్టానికీ వలకు కట్టే థర్మోకోల్ ముక్కకూ దూరం నుంచి తేడా తెలియదని వైజాగ్ పడవవాళ్లే చెప్పారు. నా పసుపుది మీటరే. మళ్లీ కొంటే అదీ ఒకటిన్నర మీటరుదే కొంటాను.

నీటి లోపల సాధారణ ఎరుపు, ఆరెంజ్ రంగులు కొన్ని మీటర్లకే వెలిసిపోయి బూడిద రంగులో కనపడతాయి. ఫ్లోరొసెంట్ ఆరెంజ్ అలా కాదు. నీలం, ఆకుపచ్చ వెలుగును తీసుకుని ఆరెంజ్‌ వెలుగునే ఇస్తుంది కాబట్టి లోతులోనూ మెరుస్తుంది. జోడీ తన గొట్టం బయటికి తీశాడో లేదో దూరం నుంచే తెలిసిపోతుంది. కొనేటప్పుడు ఇది అడిగి తీసుకోండి.

మన్నిక విషయంలో ఆరెంజ్‌ది పాస్. ఎండకు రంగు కాస్త వెలిసింది, మీద అతికించిన మెరుపు టేపు ఒక అంచున లేచింది, అంతే. పసుపుది సముద్రంలో కాదు, మా ఇంట్లో పాడైంది. వరంగల్ ఎండాకాలం సంగతి తెలిసిందే, మేలో అటక మీద ఏది పెట్టినా కాగిపోతుంది. చాలా నెలలు మడత విప్పకుండా ఉండడంతో నింపిన గాలి బయటికి పోకుండా ఆపే లోపలి రబ్బరు పెదవులు అతుక్కుపోయి గాలి పట్టడం మానేసింది. అమ్మిన దుకాణం వారంటీ లోపల అయినా మార్చనంది. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి విడదీసుకున్నాను, ఇప్పుడు పనిచేస్తోంది. మా బోరు నీళ్లు ఉప్పగా ఉండి ఆరాక తెల్లటి పొర కడతాయి కాబట్టి, కడగడానికి ఫిల్టర్ నీళ్లే వాడుతున్నాను. నీడలో ఆరబెట్టి, మడత పెట్టకుండా వదులుగా చుట్టి, బట్టల బీరువాలో కింది అరలో పెడుతున్నాను. స్పూల్ తాడు మొత్తం విప్పి ఆరబెట్టకపోతే బూజు వాసన వస్తుంది. ఈ పనంటే నాకు విసుగే, కానీ తప్పదు.

స్పూల్‌తో సహా ఐదు వేల లోపే పడింది. వరంగల్‌లో దొరికే వస్తువు కాదు, ఆన్‌లైన్‌లోనో డైవింగ్ సెంటర్లోనో కొనాల్సిందే. ఒక్కటే కొనగలిగితే ఆరెంజ్ కొనండి. ఇంటికి రాగానే నోటితో గట్టిగా ఊది రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి మెత్తబడితే వెంటనే వెనక్కి పంపండి.